తెల్లకాగితం మీద సంతకం పెట్టకండి

ఆస్పత్రిలో మనిషి అనుకోకుండా పోతే మన ఊళ్లలో ఆ రోజు జరిగే తంతు ఇంచుమించు ఒకటే. కబురు అందగానే బంధువులు ఆటోల్లో దిగుతారు. ఎవరో అరుస్తారు, ఎవరో రిసెప్షన్ అద్దం పగలగొడతారు. మృతదేహాన్ని గేటు ముందు పెట్టి కూర్చుంటారు. పోలీసులు వస్తారు, టీవీ చానల్ కుర్రాడు వస్తాడు. చీకటి పడే వేళకు వార్డు నాయకుడో, కులపెద్దో, యాజమాన్యం తరఫు మనిషో పక్కగదిలోకి పిలుస్తారు. "పోయిన మనిషి ఎలాగూ తిరిగిరాడు, పిల్లల సంగతి చూసుకోండి" అంటారు. రెండు లక్షలంటారు, మూడు లక్షలంటారు, బిల్లు మాఫీ అంటారు. ఒక తెల్లకాగితం ముందుకు వస్తుంది. వైద్యంలో ఏ లోపమూ లేదు, ఆస్పత్రి మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు, పోస్టుమార్టం అక్కర్లేదు అని అందులో రాసుంటుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు కనపడని ఇల్లాలి చేత సంతకం పెట్టిస్తారు. రాత్రికి అంబులెన్స్ ఊరు చేరుతుంది. తెల్లారాక దహనం అయిపోతుంది.

పెద్దకర్మ అయ్యి చుట్టాలు వెళ్లిపోయాక ప్రశ్నలు మొదలవుతాయి. రాత్రి పదింటికి ఆయాసం వస్తోందని చెప్తే డ్యూటీ డాక్టరు తెల్లవారుజాము దాకా ఎందుకు రాలేదు? రక్తం కావాలని ముందే ఎందుకు చెప్పలేదు? చిన్న ఆపరేషనే అన్నవాళ్లు వెంటిలేటర్ దాకా ఎలా వెళ్లారు? జవాబు చెప్పగలిగిన శరీరం అప్పటికి లేదు. కేస్ షీట్ ఆస్పత్రి బీరువాలో ఉంది. మీ సంతకం ఉన్న కాగితం వాళ్ల చేతిలో ఉంది.

ఈ అధ్యాయం ఆ సంతకానికి ముందు చదవాల్సింది. ఇప్పటికే పెట్టేసినవాళ్లూ చదవండి. దుఃఖంలో, ఒత్తిడిలో, నిజం తెలియని స్థితిలో రాయించుకున్న కాగితం మీ కేసును కష్టం చేస్తుంది గానీ దారి పూర్తిగా మూసెయ్యదు.

ఒక మాట ముందే చెప్పాలి. గేటు దగ్గర కోపం ఎంత న్యాయమైనదైనా, అద్దం పగిలిన క్షణం నుంచి కేసు మీ మీదికి తిరుగుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వచ్చిన చట్టం ప్రకారం వైద్య సిబ్బంది మీద, ఆస్పత్రి ఆస్తి మీద దాడి చేస్తే మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా. బెయిలు సులభంగా దొరకని నేరం అది. ఇంట్లో ఒక మనిషి పోయిన వారానికే తమ్ముడు లాకప్‌లో ఉంటే, ఆ తర్వాత కుటుంబం ఆస్పత్రిని ప్రశ్నించదు, తమ్ముణ్ణి విడిపించుకోవడానికి రాజీకి వస్తుంది.

"శవం మీద డబ్బు" అనే మాట

కేసు వెయ్యాలనుకున్న కుటుంబాన్ని ముందు ఆపేది ఆస్పత్రి లాయరు కాదు, సొంత చుట్టాలు. "చచ్చినవాడి మీద డబ్బు చేసుకుంటున్నారు" అన్న మాట ఒక్కటి చాలు, భర్తను పోగొట్టుకున్న ఆడమనిషి నోరు మూతపడటానికి. ఆ మాట ఎవరన్నా అనండి, నేను ఒప్పుకోను. రోడ్డు మీద లారీ గుద్ది మనిషి పోతే పరిహారం అడగడాన్ని ఎవరూ తప్పు పట్టరు. ఆస్పత్రిలో నిర్లక్ష్యం వల్ల పోతే అడగడం మాత్రం తప్పెలా అవుతుంది? ఆ ఇంటికి నెలనెలా వచ్చే జీతం ఆగిపోయింది. పిల్లల ఫీజులు, ముసలి తల్లి మందులు ఆగలేదు. చట్టం ఇచ్చేది ప్రాణానికి ధర కాదు, ఆగిపోయిన ఆసరా.

ఇంకో బరువు లోపలే ఉంటుంది. "ఆ ఆస్పత్రికి తీసుకెళ్లింది నేనే", "ఆపరేషన్‌కు సంతకం పెట్టింది నేనే." ఈ అపరాధభావం నిద్రపోనివ్వదు. ఆపరేషన్‌కు మీరు పెట్టిన సంతకం వైద్యానికి ఒప్పుకోలు మాత్రమే, నిర్లక్ష్యానికి కాదు. ప్రాణాలు పోయినా మాకు బాధ్యత లేదు అని అచ్చు వేసి ఉన్న ఫారం మీద సంతకం పెట్టినంత మాత్రాన ఆస్పత్రి చేతులు దులుపుకోలేదు.

నిజంగా నిర్లక్ష్యమేనా?

ఈ ప్రశ్న నిజాయితీగా వేసుకోకుండా కేసుకు వెళ్లకండి. అన్నీ సరిగ్గా చేసినా మనుషులు పోతారు. మెదడులో పెద్ద రక్తస్రావంతో ఆలస్యంగా వచ్చిన రోగిని ఎంత గొప్ప డాక్టరైనా కాపాడలేకపోవచ్చు. రెండు చికిత్సల్లో ఒకదాన్ని డాక్టర్ ఎంచుకున్నారు, అది పని చెయ్యలేదు. అంతమాత్రాన అది నిర్లక్ష్యం కాదు. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు కొలమానం చెప్పింది. ఆ స్పెషాలిటీలో మామూలు నైపుణ్యం ఉన్న డాక్టరు ఆ పరిస్థితిలో ఏం చేస్తారో అది చేశారా లేదా అన్నదే చూడాలి. దేశంలో అందరికన్నా గొప్ప డాక్టరు ఏం చేసేవారన్నది లెక్కలోకి రాదు.

కాబట్టి మీరు తేల్చుకోవాల్సింది వరసగా మూడు సంగతులు. చెయ్యాల్సింది ఏమిటి? అందులో చెయ్యనిది ఏమిటి? ఆ చెయ్యకపోవడం వల్లే మనిషి పోయాడా? మూడోదాని దగ్గరే ఎక్కువ కేసులు ఓడిపోతాయి. సిస్టర్ విసుక్కోవడం, డాక్టర్ సరిగ్గా మాట్లాడకపోవడం, బిల్లు ఎక్కువ వెయ్యడం మనసును కోసేస్తాయి, నిజమే. కానీ మరణానికి కారణం అవేనని ఏ వినియోగదారుల కమిషనూ ఒప్పుకోదు. ఫిర్యాదులో వాటికి పేజీలు పేజీలు ఇచ్చి, బీపీ పడిపోయిన గంటకు ఒక్క వాక్యం ఇచ్చేవాళ్లను చూస్తుంటాను. ఆ ఒక్క వాక్యమే కేసు.

మొదటి రోజు

అనుమానం ఉంటే పోస్టుమార్టం చేయించండి. ఇది చెప్పడానికి ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు. "ఇంకా కోయిస్తారా" అని తల్లి ఏడుస్తుంది, మైల, ముహూర్తం అని పెద్దలు తొందర పెడతారు. అయినా చేయించండి. ఎందుకు పోయారన్న దానికి ఆస్పత్రి చెప్పే కథ కాకుండా ఇంకో సాక్ష్యం మీకు దొరికేది అక్కడొక్కటే. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో మరణం మీద అనుమానం ఉందని రాసిస్తే పంచనామా చేసి, మృతదేహాన్ని ప్రభుత్వ ఆస్పత్రికి పంపుతారు. రాత్రయింది, రేపే అంటే ఆగండి. వసతులున్న ఆస్పత్రుల్లో సూర్యాస్తమయం తర్వాత కూడా చెయ్యవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2021లోనే చెప్పింది. పోస్టుమార్టాన్ని వీడియో తియ్యమని అర్జీలోనే అడగండి. లోపలి అవయవాల నమూనాలు ల్యాబుకు పంపితే ఆ రిపోర్టు రావడానికి నెలలు పట్టవచ్చు. వెంటపడాల్సింది మీరే.

పోస్టుమార్టం లేకపోతే కేసు లేనట్టేనా అని చాలామంది అడుగుతారు. అలాగేం లేదు. రికార్డులతోనే గెలిచిన కేసులున్నాయి. కానీ దారి ఇరుకవుతుంది.

బిల్లు కట్టేదాకా మృతదేహం ఇవ్వం అంటే భయపడి అప్పులు చెయ్యకండి. బాకీ కోసం దేహాన్ని ఆపుకోకూడదని, జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారు చేసి కేంద్రం రాష్ట్రాలకు పంపిన రోగుల హక్కుల పత్రంలో ఉంది. 112కు ఫోన్ చెయ్యండి, జిల్లా వైద్యాధికారికి చెప్పండి. బాకీ ఉంటే తర్వాత వసూలు చేసుకునే మార్గం ఆస్పత్రికి వేరే ఉంది.

మరణానికి కారణం రాసిన డాక్టరు సర్టిఫికెట్ కూడా అడిగి తీసుకోండి. మున్సిపాలిటీ ఇచ్చే మరణ ధ్రువపత్రంలో కారణం ఉండదు. ఆ సర్టిఫికెట్‌లో "కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్" అని మాత్రమే రాసుంటే ఒప్పుకోకండి. గుండె, ఊపిరి ఆగడం చావే గానీ చావుకు కారణం కాదు. ఏ జబ్బు వల్ల, ఏ పరిణామం వల్ల ఆగాయో రాయాలి.

డెబ్బై రెండు గంటలు

ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి. రోగి గానీ, ఆయన తరఫు మనిషి గానీ అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమాలు చెప్తున్నాయి. ఇన్‌పేషెంట్ రికార్డులను మూడేళ్లు భద్రపరచాలి. అడిగినా ఇవ్వకపోతే అది వృత్తి దుష్ప్రవర్తన కిందికి వస్తుంది.

అర్జీ సూటిగా రాయండి. రోగి పేరు, ఐపీ నంబరు, చేరిన తేదీ, పోయిన తేదీ. కావలసినవి పేరుపేరునా: పూర్తి కేస్ షీట్, నర్సింగ్ నోట్సు, ఐసీయూ చార్టులు, మత్తు డాక్టరు రాసిన షీటు, ఆపరేషన్ నోట్సు, మందుల చార్టు, అన్ని ల్యాబు రిపోర్టులు, స్కానుల సీడీలు, సమ్మతి పత్రాలు, వివరంగా వేసిన బిల్లు. "డిశ్చార్జ్ సమ్మరీ ఇచ్చాం కదా" అంటారు. అది మనిషి పోయాక ఆస్పత్రి రాసుకున్న రెండు పేజీల కథ. మీకు కావలసింది గంటగంటకూ రాసిన అసలు కాగితాల నకళ్లు. వార్డు, కారిడార్ సీసీటీవీ దృశ్యాలు చెరిపెయ్యకుండా ఉంచమని అదే అర్జీలో ఒక వాక్యం చేర్చండి. చేత్తో ఇస్తే మీ దగ్గరున్న నకలు మీద ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర వెయ్యం అంటే స్పీడ్ పోస్టులో పంపి ముట్టిన రుజువు దాచుకోండి. ప్రభుత్వ ఆస్పత్రి అయితే సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టవచ్చు. కాగితాలు ఇచ్చినప్పుడు ప్రతి పేజీకీ నంబరు వేసి, ఆస్పత్రి స్టాంపు వేయించి తీసుకోండి.

అదే వారంలో ఇంటివాళ్లంతా కూర్చుని, ఎవరికి ఏం గుర్తుందో తేదీ, గంట వేసి రాసుకోండి. ఫోన్లలోని కాల్ లిస్టు స్క్రీన్‌షాట్లు తియ్యండి. వాట్సాప్‌లో డాక్టరుతో, అటెండర్‌తో నడిచిన మాటలు, మందుల షాపు బిల్లులు, ఫోన్‌పే చెల్లింపులు ఒక్కటీ పారెయ్యకండి. వీటన్నిటి మీదా గంట, నిమిషం ఉంటాయి.

అది ఎందుకు ముఖ్యమో ఒక కేస్ షీట్ చూపిస్తాను. కాన్పయిన కొన్ని గంటలకే రక్తస్రావంతో పోయిన పాతికేళ్ల అమ్మాయిది. నర్సింగ్ చార్టులో రాత్రి 8 నుంచి 2 దాకా అరగంటకోసారి బీపీ, నాడి రాసి ఉన్నాయి. పదమూడు గళ్లు. పదమూడింటిలోనూ బీపీ 110/70, నాడి 82. ఒకే పెన్ను, ఒకే దస్తూరి, ఎక్కడా చెయ్యి తిరిగిన గుర్తు కూడా మారలేదు. రెండున్నర గడిలో మాత్రం "బీపీ అందడం లేదు". రక్తం పోతున్న మనిషికి ముందు నాడి వేగం పెరుగుతుంది, తర్వాత బీపీ జారుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. అరగంట ముందు దాకా గడియారంలా ఉన్న మనిషి ఒక్కసారిగా అలా పడిపోదని ఏ గైనకాలజిస్టైనా చెప్తారు. ఆ అమ్మాయి మామగారి ఫోన్‌లో 12:10కి, 12:35కి, 1:05కి డ్యూటీ రూముకు చేసిన కాల్స్ ఉన్నాయి. బ్లడ్ బ్యాంకు రసీదు మీద సమయం తెల్లవారుజామున 3:40. ఆస్పత్రి రాసిన కాగితానికీ ఆస్పత్రి రాయని కాగితాలకూ మధ్య ఉన్న ఆ తేడాలో జవాబు కనబడుతోంది. ఆ కుటుంబం గేటు దగ్గరే రాజీపడి ఉంటే ఆ చార్టును ఎవరూ చూసేవాళ్లు కాదు.

కాగితాలు ఎవరు చదువుతారు?

మీరూ నేనూ చదివితే చాలదు. ఆ స్పెషాలిటీ డాక్టరు ఒకరు చదవాలి. ఊళ్లో డాక్టర్లు సాటి డాక్టరు మీద రాసివ్వడానికి వెనకాడతారు. వేరే ఊళ్లో, వేరే జిల్లాలో అడగండి. రిటైరైన మెడికల్ కాలేజీ ప్రొఫెసర్లు కాస్త తీరిగ్గా చదివి చెప్తారు. "వీళ్లు తప్పు చేశారా" అని అడగకండి, ఎవరూ జవాబివ్వరు. "ఈ రిపోర్టు వచ్చాక మామూలుగా ఎంతసేపట్లో ఏం చేస్తారు? ఇక్కడ ఎంతసేపటికి చేశారు? ముందే చేసి ఉంటే బతికే అవకాశం ఉండేదా?" అని అడగండి. రాతపూర్వకంగా ఇస్తే మేలు. మాటగా చెప్పినా సరే, ఏ పేజీలో ఏ గీత దగ్గర చూడాలో తెలుస్తుంది. కేసు నడిచేటప్పుడు కమిషనే ప్రభుత్వ వైద్య కళాశాల నిపుణుల అభిప్రాయం అడగవచ్చు.

నిపుణుడు దొరకలేదు కాబట్టి కేసు లేదని ఎవరైనా అంటే హైదరాబాద్ నుంచే వెళ్లిన ఒక తీర్పు చూపించండి: వి.కిషన్ రావు వర్సెస్ నిఖిల్ సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్, సుప్రీంకోర్టు, 2010. ఆయన మలేరియా శాఖలోనే అధికారి. భార్యకు చలితో విడిచి విడిచి జ్వరం వస్తుంటే ఆస్పత్రిలో చేర్చారు. అక్కడ టైఫాయిడ్‌కు వైద్యం నడిచింది. పరిస్థితి చెయ్యి దాటాక ఇంకో ఆస్పత్రికి మార్చారు, ఆమె దక్కలేదు. ఆ రెండో ఆస్పత్రి రికార్డుల్లో మలేరియా బయటపడింది. జిల్లా వినియోగదారుల ఫోరం 2 లక్షల పరిహారం, కట్టిన 10 వేలు వాపసు ఇప్పించింది. నిపుణుడి సాక్ష్యం లేదని రాష్ట్ర కమిషన్ కొట్టేసింది, జాతీయ కమిషన్ కూడా అదే మాటంది. సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. లోపం కళ్లకు కనబడుతున్నప్పుడు ప్రతి కేసులోనూ నిపుణుడి అభిప్రాయం కావాలని పట్టుబట్టకూడదంది. మొత్తం 2 లక్షలే కదా అనిపించవచ్చు. ఆయన అక్కడ దాకా వెళ్లడం వల్ల ఆ తర్వాత వచ్చిన ఎన్నో కుటుంబాలకు తలుపు తెరుచుకుంది.

ఏ తలుపు తట్టాలి?

చాలా కుటుంబాలకు సరైన చోటు జిల్లా వినియోగదారుల కమిషన్. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇప్పుడున్నది 2019 చట్టం. రోగి చనిపోతే వారసులు ఫిర్యాదు చెయ్యవచ్చు. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ మీసేవలో దరఖాస్తు చేసి తీసుకోండి. ఆస్పత్రి హైదరాబాద్‌లో ఉన్నా మీరు నల్లగొండలో ఉంటే నల్లగొండలోనే వెయ్యవచ్చు. ఇది 2019 చట్టం ఇచ్చిన పెద్ద సౌకర్యం.

ఏ స్థాయి కమిషన్ అన్నది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, ఆస్పత్రికి కట్టిన డబ్బును బట్టి. కట్టింది 50 లక్షల లోపయితే జిల్లా కమిషనే, అడిగేది అంతకు మించినా సరే. కట్టింది 5 లక్షల లోపయితే ఫిర్యాదు రుసుము లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. కానీ వైద్య కేసుల్లో అనుభవమున్న లాయరు ఉంటే మంచిది. వచ్చినదాంట్లో ఇంత శాతం నాకు అని మాట్లాడే లాయరు బార్ కౌన్సిల్ నియమాలు మీరుతున్నట్టే; అలాంటి ఒప్పందం చేసుకోకండి. ఫిర్యాదులో ఆస్పత్రిని తప్పక ప్రతివాదిగా పెట్టండి. 2004లో సవితా గార్గ్ కేసులో సుప్రీంకోర్టు, వైద్యం చేసిన డాక్టర్ల పేర్లు చేర్చలేదన్న కారణంతో ఫిర్యాదు కొట్టెయ్యకూడదని, తగిన శ్రద్ధ తీసుకున్నామని చూపించాల్సింది ఆస్పత్రేనని చెప్పింది. డాక్టర్లకు, ఆస్పత్రులకు ఇలాంటి కేసుల కోసమే బీమా ఉంటుంది. మీ కేసు వల్ల ఒక డాక్టరు కుటుంబం రోడ్డున పడుతుందన్న సంకోచం ఉంటే ఇది తెలుసుకోండి.

ఆరోగ్యశ్రీ కింద ప్రైవేటు ఆస్పత్రిలో చేరినవాళ్లు "మేం డబ్బు కట్టలేదు కదా" అని వెనక్కి తగ్గుతారు. తగ్గక్కర్లేదు. ఆస్పత్రికి డబ్బు వేరేవాళ్లు కట్టారు అంతే. కొందరి దగ్గర తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆస్పత్రిలో ఉచిత రోగి కూడా వినియోగదారుడేనని శాంత తీర్పులోనే ఉంది. అందరికీ పూర్తిగా ఉచితమైన ప్రభుత్వాస్పత్రి సంగతి మాత్రం వేరు. అక్కడ సివిల్ కోర్టుకు వెళ్లాలి. ముందు ప్రభుత్వానికి రెండు నెలల నోటీసు ఇవ్వాలి. 1963లో ఔరంగాబాద్ ప్రభుత్వాస్పత్రిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేస్తూ కడుపులో గుడ్డ వదిలేశారు. ఆ తల్లి చనిపోయింది. ప్రభుత్వం బాధ్యత వహించాల్సిందేనని సుప్రీంకోర్టు 1996లో తేల్చింది. అత్యవసర స్థితిలో ప్రభుత్వాస్పత్రి చేర్చుకోకపోతే అది జీవించే హక్కుకు భంగమేనని కూడా అదే ఏడాది ఇంకో కేసులో చెప్పింది. అలాంటి చోట హైకోర్టులో రిట్ వెయ్యవచ్చు.

పోలీసు కేసు గురించి నా అభిప్రాయం నిక్కచ్చిగా చెప్తాను: చాలామందికి అది మొదటి మార్గం కాకూడదు. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో డాక్టరుకు రెండేళ్ల దాకా శిక్ష ఉంది. కానీ క్రిమినల్ కేసుకు మామూలు నిర్లక్ష్యం చాలదు, ఘోర నిర్లక్ష్యం ఉండాలి. జాకబ్ మాథ్యూ కేసులో లుధియానా ఆస్పత్రిలో రోగికి పెట్టిన ఆక్సిజన్ సిలిండర్ ఖాళీగా ఉంది. అయినా డాక్టర్ల మీద క్రిమినల్ కేసు నిలబడలేదు. ఆస్పత్రి మీద సివిల్ బాధ్యత ఉండవచ్చని మాత్రం కోర్టు అంది. ఇంకో డాక్టరు నిష్పాక్షిక అభిప్రాయం లేకుండా కేసు ముందుకు వెళ్లదని కూడా ఆ తీర్పులోనే చెప్పింది. అయితే నకిలీ డాక్టరు వైద్యం చేసినా, రికార్డులు తిరగరాసినా, తాగిన మత్తులో ఆపరేషన్ చేసినా పోలీసుల దగ్గరికి వెళ్లాల్సిందే.

రాష్ట్ర వైద్య మండలి పరిహారం ఇప్పించలేదు, రిజిస్ట్రేషన్ మాత్రం నిలిపెయ్యగలదు. అక్కడ మీకు అనుకూలంగా ఏం తేలినా అది కమిషన్‌లో పనికొస్తుంది. అందుకే రెండూ పక్కపక్కన నడిపించండి.

ఎంత అడగాలి?

నోటికి వచ్చిన అంకె వెయ్యకండి. రోడ్డు ప్రమాద కేసుల్లో సుప్రీంకోర్టు స్థిరపరచిన లెక్కను కమిషన్లు కూడా చాలాసార్లు ఆధారంగా తీసుకుంటాయి. ముప్పై నాలుగేళ్ల ఎలక్ట్రీషియన్, నెలకు 20 వేల సంపాదన, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అనుకుందాం. నలభై లోపు వయసు, సొంత పని కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 28 వేలు. నలుగురు ఆధారపడ్డారు కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద పావు వంతు తీసేస్తే 21 వేలు. ఏడాదికి 2 లక్షల 52 వేలు. ఆ వయసుకు గుణకం, అంటే ఏడాది మొత్తాన్ని హెచ్చవేసే అంకె, 16. మొత్తం 40 లక్షల 32 వేలు. దీనికి వైద్య ఖర్చు, అంత్యక్రియల ఖర్చు, తోడు కోల్పోయినందుకు ఇచ్చే మొత్తం కలుస్తాయి. గేటు దగ్గర ఇస్తామన్న రెండు లక్షల పక్కన ఈ అంకె పెట్టి చూసుకోండి.

పోయినామె గృహిణి అయితే సంపాదన సున్నా అని రాయించకండి. ఇంటి పనికీ విలువ కట్టాలని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది, 2021లో కూడా చెప్పింది. ఈ గుణకం లెక్క గుడ్డిగా వెయ్యకూడదని అనూరాధా సాహా కేసులో అంది. అమెరికాలో స్థిరపడిన ఆమె 1998లో సెలవులకు కోల్‌కతా వచ్చి చర్మవ్యాధికి లోనయ్యారు. ఆమెకు దీర్ఘకాలం పనిచేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌ను 80 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు రాశారు. స్వయంగా డాక్టరైన భర్త పదిహేనేళ్లు పోరాడాక 2013లో కోర్టు సుమారు 6 కోట్లు, ఆపై వడ్డీ ఇప్పించింది. ఆ స్థాయి మొత్తం మీకూ వస్తుందని ఆశ పెట్టను. ఆమె సంపాదించగలిగిన దాన్ని బట్టి వచ్చిన అంకె అది. ఆదాయం రుజువు చేసే కాగితం, అంటే జీతం స్లిప్పు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఐటీ రిటర్ను మీ చేతిలో ఉంటేనే మీ లెక్క నిలబడుతుంది.

ఏళ్ల తరబడి

కొన్ని నెలల్లో తేల్చాలని చట్టం చెప్తుంది, ఏళ్లు పడుతుంది. నిమ్స్‌లో 1990లో ఆపరేషన్ తర్వాత నడుము కింద చచ్చుబడిన ఇంజినీరింగ్ విద్యార్థి కేసు 2009లో తేలింది. చక్రాల కుర్చీలో కూర్చుని సుప్రీంకోర్టులో తన వాదన తనే వినిపించి కోటి రూపాయల పరిహారం సాధించాడు. అంత ఓపిక అందరికీ ఉండదు, ఉండాలని నేను అనను. కాబట్టి ఇంట్లో ఒక్కరికి ఈ పని అప్పజెప్పండి. వాయిదాలకు వాళ్లే వెళ్లాలి, ఫైలు వాళ్ల దగ్గరే ఉండాలి. మిగతావాళ్లు బతుకు చూసుకోవాలి. ప్రతి భోజనం దగ్గరా కేసు మాట ఎత్తకండి, పిల్లల ముందు అసలే వద్దు. మధ్యలో రాజీ ప్రస్తావన వస్తే తోసెయ్యకండి. కమిషన్ మధ్యవర్తిత్వంలో, లాయరు పక్కన ఉండగా, లెక్క తెలిసి చేసుకునే రాజీ గౌరవమైనదే. గెలిచాక ఆస్పత్రి అప్పీలుకు వెళ్తే తీర్పు మొత్తంలో సగం ముందు జమ చెయ్యాలి. ఆ నిబంధన మీకు అండ.

డబ్బు లేదని ఆగకండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 చట్టం చెప్తోంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఫోన్ నంబరు 15100. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆస్పత్రి సేవల మీద కోటి రూపాయల దాకా వివాదాలు చూసే శాశ్వత లోక్ అదాలత్ కూడా ఉంది, రుసుము లేదు.

గడువు రెండేళ్లు. వినియోగదారుల కమిషన్‌లోనైనా, మరణ పరిహారానికి సివిల్ కోర్టులోనైనా అంతే. ఆలస్యానికి గట్టి కారణం చూపిస్తే కమిషన్ మన్నించవచ్చు, మన్నించకపోవచ్చు. మీ ఇంటి మనిషి పోయి ఎన్ని నెలలయిందో ఇప్పుడే లెక్క చూసుకోండి. రికార్డుల అర్జీ ఇంకా ఇవ్వకపోతే రేపు పొద్దున ఇవ్వండి. ఇరవై నెలలు దాటిపోయి ఉంటే లాయరు కోసం వెతుకుతూ కూర్చోకుండా, ఉన్న కాగితాలు పట్టుకుని ఈ వారమే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లండి.